కిటికీ దగ్గర కూర్చోవచ్చా? ఒక వ్యోమగామి రేడియేషన్ డోస్ మీద కేస్ స్టడీ

యాత్ర మొదలైన 60వ రోజున ఫ్లైట్ సర్జన్ (వ్యోమగాముల ఆరోగ్యం చూసే డాక్టర్) నాకొక మెసేజ్ ఫార్వర్డ్ చేశారు. రాసింది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగామి. అందులో మూడు ప్రశ్నలున్నాయి. "రోజూ గంటన్నర దాకా కుపోలా కిటికీ దగ్గర కూర్చుని భూమి ఫొటోలు తీస్తున్నాను, అక్కడ రేడియేషన్ ఎక్కువా? కెమెరాలో తెల్ల చుక్కలు వారం వారం పెరుగుతున్నాయి, దానికి జరిగేదే నాకూ జరుగుతోందా? పడుకుని కళ్లు మూసుకుంటే మెరుపులు కనిపిస్తున్నాయి, పట్టించుకోవాలా?" కింద ఫ్లైట్ సర్జన్ ఒక్క ముక్క చేర్చారు: "రేపటి మాట్లాడే టైమ్‌కి జవాబు కావాలి."

వ్యోమగాముల ఒంటికి తగిలే రేడియేషన్ లెక్క చూడడం నా పని. డాక్టర్ని కాను, భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, నేను ఇచ్చిన మొదటి జవాబు తప్పు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమె డోస్ అంకెలను రౌండ్ చేశాను, లెక్క చెడకుండా.

మనిషి, పని

ఆమె వయసు నలభైల మధ్యలో ఉంటుంది. ఇది రెండో యాత్ర, రెండూ ఆరేసి నెలలవే. భూమి ఫొటోలు తీయడం ఆమెకు సరదా కూడా, డ్యూటీ కూడా. నేల మీది శాస్త్రవేత్తలు రోజూ ఒక జాబితా పంపుతారు: ఫలానా హిమానీనదం, ఫలానా అగ్నిపర్వతం, ఫలానా నగరం రాత్రి దీపాలు. ఉపగ్రహాలు ఇన్ని ఉండగా మనిషెందుకు అని చాలామంది అడుగుతారు. ఉపగ్రహం ఎక్కువగా తన టైమ్‌టేబుల్ ప్రకారం చూస్తుంది. మనిషి పొగ కనిపిస్తే కెమెరా అటు తిప్పుతాడు, ఏటవాలుగా తీస్తాడు, మబ్బు తొలగే క్షణం కోసం కాచుకుంటాడు. 2009 జూన్‌లో కురిల్ దీవుల్లోని సారిచెవ్ అగ్నిపర్వతం పేలిన తొలి దశను, బూడిద స్తంభం మబ్బుల్ని చీల్చుకుని పైకి లేస్తుండగా, కేంద్రంలోని వాళ్లు అలాగే పట్టుకున్నారు.

కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. ఒక చుట్టుకు గంటన్నర పడుతుంది. కక్ష్య వాలు 51.6 డిగ్రీలు కాబట్టి మనుషులు నివసించే నేలలో చాలా భాగం దాని కిందకి వస్తుంది. నేల మీద దాని నీడ సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. సెకనులో అరవయ్యో వంతు షట్టర్ తెరిచి ఉంచితే కింద నేల 120 మీటర్లు జరిగిపోతుంది. అందుకే రాత్రి నగరాలు తీయడం కష్టం. 2003 ప్రాంతంలో డాన్ పెటిట్ అనే వ్యోమగామి కేంద్రంలో దొరికిన విడిభాగాలతో, నేల కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే పరికరాన్ని సొంతంగా తయారుచేసుకున్నాడు. ఈ పనిలో పడ్డవాళ్లు గంటలు మరిచిపోతారు. ఆమె కూడా అంతే.

కుపోలా 2010 ఫిబ్రవరిలో కేంద్రానికి చేరింది. ఏడు కిటికీల గుమ్మటం అది, నడిమి అద్దం అడ్డంగా 80 సెంటీమీటర్లు. భూమి వైపుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. లోపల తల పెట్టి కూర్చుంటే చుట్టూ ఏమీ లేదనిపిస్తుంది. భయం పుట్టేది కూడా అక్కడే, "ఏమీ లేకపోతే రేడియేషన్‌ని ఆపేదేముంది?" అని.

ఆ ఎత్తులో ఏం తగులుతుంది

కేంద్రంలో రేడియేషన్ ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది గెలాక్సీ నలుమూలల నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు. ఇవి ఎక్కువగా ప్రోటాన్లు, కొద్దిగా హీలియం, ఇంకా కొద్దిగా ఇనుము లాంటి బరువైన అణుకేంద్రకాలు. ఈ బరువైనవి సంఖ్యలో తక్కువ, చేసే నష్టంలో కాదు. ఇవి చాలా శక్తివంతమైనవి, కేంద్రం గోడలు వీటిని ఆపలేవు. పైగా గోడను ఢీకొని ముక్కలై లోపలికి జల్లులా పడతాయి.

రెండోది దక్షిణ అట్లాంటిక్ అనామలీ. మేం ఎస్ఏఏ అంటాం. భూమి అయస్కాంత కేంద్రం భూమి నడుమ నుంచి కొంచెం పక్కకు జరిగి, ఒరిగి ఉంటుంది. దానివల్ల బ్రెజిల్ నుంచి దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోయే మేర అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉంటుంది. ఎక్కడో ఎత్తున ఉండాల్సిన వాన్ అలెన్ పట్టీ (అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల వలయం) లోపలి అంచు అక్కడ కిందికి వంగి కేంద్రం దారిలోకి వస్తుంది. కేంద్రం రోజులో వరసగా ఐదారు చుట్లలో దీన్ని దాటుతుంది. దాటిన ప్రతిసారీ కొన్ని నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ ఇరవై. హబుల్ టెలిస్కోప్ ఈ ప్రాంతం మీదకి వచ్చినప్పుడు పరిశీలనలు ఆపేస్తారు. మనుషుల్ని స్విచ్ ఆఫ్ చేయలేం కదా. కనీసం స్పేస్‌వాక్‌లను ఈ టైమ్‌లు తప్పించి పెట్టుకుంటాం.

ఈ రెండింటి తేడా తెలిస్తేనే కేసు అర్థమవుతుంది. కాస్మిక్ కిరణాలు రోజంతా పడతాయి, ఏ మూలకు వెళ్లినా పెద్దగా తేడా ఉండదు. ఎస్ఏఏ ప్రోటాన్లు మాత్రం గడియారం చూసుకుని వస్తాయి, వాటిని గోడ మందం, చుట్టూ ఉన్న సామాను కొంత ఆపగలవు. కాబట్టి ఎక్కడున్నారు, ఏ నిమిషంలో ఉన్నారు అన్న ప్రశ్న ప్రధానంగా ఈ రెండో రకానికే వర్తిస్తుంది.

రెండూ కలిపి కేంద్రం లోపల రోజుకు సుమారు 0.5 నుంచి 0.7 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ డోస్‌ని కొలిచే ప్రమాణం ఇది). నేల మీద సహజంగా తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే అక్కడ నాలుగు రోజులు ఇక్కడి ఏడాది. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో కాస్మిక్ కిరణాలు తగ్గుతాయి, నెమ్మదించిన ఏళ్లలో పెరుగుతాయి. 2011లో కేంద్రాన్ని 350 కిలోమీటర్ల దగ్గర నుంచి 400 దగ్గరకు లేపారు. ఇంధనం ఆదా అయింది, ఎస్ఏఏ డోస్ పెరిగింది. మా పనిలో ఇలాంటి బేరాలు మామూలే.

తొందరపడి ఇచ్చిన జవాబు

ఆమె కిటికీ దగ్గర ఎప్పుడు కూర్చున్నదీ తెలుసుకోవడానికి నాకు తట్టిన సులువైన దారి ఫొటోలే. ప్రతి ఫొటోలోనూ టైమ్ ఉంటుంది. 60 రోజుల ఫొటోల టైమ్‌లు తీసి, దగ్గర దగ్గరగా ఉన్నవి ఒక సిట్టింగ్‌గా కట్టి లెక్కేశాను. మొత్తం 88 గంటలు. వాటిని కేంద్రం దారితో కలిపి చూస్తే అందులో 7 గంటలు ఎస్ఏఏలో పడ్డాయి. ఊరికే అంచనా కడితే రావాల్సిన దానికంటే ఇది ఎక్కువ. ఎస్ఏఏలో గడిచేది రోజులో గంట, గంటంపావు, అంటే ఐదు శాతం. 88 గంటల్లో నాలుగున్నర ఉండాలి. దక్షిణ అమెరికా మీద ఆమెకున్న మోజు అందరికీ తెలిసిందే కాబట్టి అనుమానం రాలేదు.

"ఎస్ఏఏ దాటేటప్పుడు కుపోలాలో ఉండొద్దు" అని రాసి, ఆ టైమ్‌ల పట్టిక జతచేసి పంపేశాను. రాత్రి పదకొండు అయింది. జాగ్రత్త చెప్పడంలో తప్పేముందిలే అనుకున్నాను. మా రంగంలో ఇదొక జబ్బు. వద్దు అనడానికి లెక్క అక్కర్లేదు, సరే అనడానికే కావాలి.

రెండు రోజుల తర్వాత మా బృందంలోని ఒక జూనియర్, ఫొటోల్లో ఏముందో కూడా చూద్దామని కొన్ని తెరిచింది. ఒక ఫొటో గడియారం ప్రకారం ఉరుగ్వే తీరానికి దూరంగా, నడిసముద్రం మీద తీసింది. తెరిస్తే అందులో టిటికాకా సరస్సు. ఆండీస్ పర్వతాల మధ్య, నీలంగా, పొరబడే అవకాశమే లేకుండా. కెమెరా గడియారం 7 నిమిషాలు ముందుంది. 7 నిమిషాలంటే నేల మీద 3,000 కిలోమీటర్లు. ఆండీస్ మీద తీసిన ఫొటోలన్నిటినీ నేను అట్లాంటిక్ మీద, ఎస్ఏఏ మధ్యలో పెట్టి లెక్కేశాను.

గడియారం సరిచేస్తే 7 గంటలు కాస్తా 3 గంటల చిల్లర అయ్యాయి.

మళ్లీ లెక్క

ఈసారి కాగితం మీద విడివిడిగా రాశాను. మామూలు మాడ్యూల్‌లో (కేంద్రంలోని గది లాంటి భాగం) ఎస్ఏఏ వల్ల తగిలేది రోజుకు దాదాపు 0.13 మిల్లీసీవర్ట్. ఇది గంటంపావులో వస్తుంది కాబట్టి గంటకు 0.1 అనుకోవచ్చు. ఆమె 3 గంటలకు 0.3. కుపోలాలో ఇది రెట్టింపు ఉంటుందనే అనుకుందాం, కావాలనే ఎక్కువ చేసి. అప్పుడు అక్కడ కూర్చున్నందుకు అదనంగా పడింది 0.3 మిల్లీసీవర్ట్. అదే 60 రోజుల్లో మొత్తం డోస్ రోజుకు 0.6 చొప్పున 36. అంటే ఒక శాతం కన్నా తక్కువ. రెండు నెలల పాటు కిటికీ దగ్గర గడిపిన ఆనందానికి ఆమె చెల్లించింది కేంద్రంలో సగం రోజు డోస్.

రెట్టింపు అనుకోవడం కూడా అతి అనే నా అనుమానం. కుపోలా అద్దం పలచని గాజు పలక కాదు. గీతలు పడకుండా లోపల ఒక పలక, గాలి ఒత్తిడిని తట్టుకోవడానికి 25 మిల్లీమీటర్ల మందాన రెండు పలకలు, అంతరిక్ష ధూళి తాకిడికి బయట ఇంకొకటి. కేంద్రంలో చాలాచోట్ల అల్యూమినియం గోడ ఒక్కటే తీసుకుంటే ఇంత బరువుండదు. కుపోలాలో లేనిది గోడ కాదు, గోడ వెనకాల ఉండే సామాను. మిగతా మాడ్యూళ్లలో చుట్టూ రాక్‌లు (పరికరాలు పెట్టే పెద్ద అరలు), నీళ్ల సంచులు, ఆహారం పెట్టెలు ఉంటాయి. రేడియేషన్‌ని ఆపడంలో వాటి వాటా ఎక్కువ. "అద్దం కదా, ఆగదు" అనే భయం వెలుతురు విషయంలో నిజం, ప్రోటాన్ విషయంలో కాదు.

అసలు సంగతి పడక దగ్గర

తప్పు సరిదిద్దే పనిలో ఆమె ఒంటి మీద ఉండే, డోస్ కొలిచే చిన్న యాక్టివ్ డోసిమీటర్ రికార్డు మొత్తం తిరగేశాను. వ్యోమగాములందరూ యాత్ర పొడవునా మొత్తం డోస్ నమోదయ్యే ఒక బ్యాడ్జి ధరిస్తారు. దాన్ని నేలకు తెచ్చాకే చదవగలం. యాక్టివ్ డోసిమీటర్ అలా కాదు, నిమిషం నిమిషం రాస్తుంది. గ్రాఫ్‌లో ఎస్ఏఏ దాటిన ప్రతిసారీ ఒక ముల్లు లేస్తుంది. పగటి ముళ్లన్నీ మామూలుగానే ఉన్నాయి. చివరి 22 రాత్రుల ముళ్లు మాత్రం ఆమె క్యాబిన్ పక్కనున్న స్థిర డిటెక్టర్ చూపిన దానికన్నా ఒకటిన్నర రెట్లు ఎత్తున్నాయి.

క్యాబిన్‌లో పడుకుంటే అలా ఉండకూడదు. ఫ్లైట్ సర్జన్ ద్వారా అడిగించాను, "ఈ మధ్య ఎక్కడ పడుకుంటున్నారు?" అని.

జవాబు ఇబ్బంది పడుతూ వచ్చింది. కొత్త బృందం వచ్చి పాత బృందం ఇంకా దిగని ఆ కొద్దిరోజులూ పడకలు చాలక, ఆమె తన క్యాబిన్ కొత్తగా వచ్చినవాళ్లలో ఒకరికి ఇచ్చేశారు. తన స్లీపింగ్ బ్యాగ్‌ని చివర్లో ఉన్న ఒక మాడ్యూల్‌లో, రాక్‌లు లేని చోట, బయటి గోడకు కట్టుకున్నారు. అక్కడొక చిన్న కిటికీ కూడా ఉంది. పాత బృందం దిగిపోయాక క్యాబిన్ ఖాళీ అయింది. కానీ ఫ్యాన్ చప్పుడు లేని ఆ చోటు బావుందనీ, తెల్లవారుజామున లేస్తే ఎదురుగా భూమి కనిపిస్తుందనీ అక్కడే ఉండిపోయారు. నియమం ఏదీ మీరలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఎస్ఏఏ వరస రోజూ ఒకే టైమ్‌కి రాదు. కేంద్రం కక్ష్య మెల్లగా తిరుగుతుంటుంది కాబట్టి రోజుకు దాదాపు 24 నిమిషాలు ముందుకు జరుగుతుంది. రెండు నెలల్లో గడియారం మొత్తం చుట్టేస్తుంది. సిబ్బంది పడుకునేది మాత్రం గ్రీనిచ్ టైమ్ ప్రకారం ఒకటే వేళకి. ఆ మూడు వారాల్లో ఎస్ఏఏ వరసలో ఎక్కువ భాగం సరిగ్గా నిద్ర వేళలో పడింది. కిటికీ దగ్గర ఆమెకు ఎస్ఏఏ అరకొరగా తగిలితే, పడక దగ్గర దాదాపు మొత్తంగా తగిలింది. 22 రాత్రులకు అదనం సుమారు 1 మిల్లీసీవర్ట్. కిటికీ లెక్కకు మూడు రెట్లు, అదీ కిటికీని ఎక్కువ చేసి చూపించాక. ఆరు నెలలూ అక్కడే పడుకుని ఉంటే మూడో నాలుగో అయ్యేది.

నేనేమో కిటికీ మానుకోమని చెప్పాను. ఆమె మాట విన్నారు. ఎస్ఏఏ టైమ్‌లో కుపోలా వదిలి వెళ్లి ఫొటోలు సర్దుకునేవారు. ఎక్కడ కూర్చుని? ఆ స్లీపింగ్ బ్యాగ్ పక్కన.

క్యాబిన్‌కి ఎందుకింత తేడా అంటే, ఆ చిన్న గదుల గోడల్లో పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న పదార్థం ప్రోటాన్లను ఆపడంలో మంచిది, బరువైన కేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే జల్లు కూడా తక్కువ. సీసం పెట్టొచ్చు కదా అని ఎక్స్‌రే గదులు చూసినవాళ్లు అడుగుతారు. ఇక్కడ సీసం పనికిరాదు, ఆ జల్లును ఇంకా పెంచుతుంది. నీళ్లు మేలు. రష్యన్ విభాగంలోని జ్వెజ్దా మాడ్యూల్ క్యాబిన్‌లో తడి తువాళ్లు, తడి వైప్‌ల ప్యాకెట్లు పేర్చి గోడకు తెరలా కట్టి చూశారు. డోస్ మూడో వంతుకు పైగా తగ్గింది. ఎలాగూ మోసుకెళ్లే తువాళ్లే అవి. మా రంగంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇదే.

మేం ఇచ్చిన రెండో సలహా ఒక్క వాక్యం: కిటికీ మీ ఇష్టం, పడక మాత్రం క్యాబిన్‌లోకి మార్చండి. ఆ రాత్రే మారారు. మర్నాడు గ్రాఫ్‌లో ముళ్లు దిగాయి.

నిజం చెప్పాలంటే ఆ ఒక్క మిల్లీసీవర్ట్ కూడా 36లో చిన్న ముక్కే. డోస్‌ని నిజంగా నిర్ణయించేది ఎన్ని రోజులు పైన ఉన్నారన్నదే, అది మా చేతిలో లేదు. కానీ వీలైనంత తగ్గించు అన్నది మా వృత్తి మొదటి నియమం. తేలిగ్గా తగ్గేదాన్ని వదిలేసి, ఆమెకు ఇష్టమైనదాన్ని లాక్కోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

కెమెరా చుక్కలు, కంటి మెరుపులు

చుక్కల సంగతి తేల్చడానికి ఆమె చేతే ఒక చిన్న పరీక్ష చేయించాం. మూడు కెమెరాలు తీసుకుని, లెన్స్‌కి మూత పెట్టి, ఒకే సెట్టింగ్‌లో చీకటి ఫొటోలు తీయమన్నాం. ఒకటి ఎప్పుడూ కుపోలాలో ఉండేది, ఒకటి లోపల సామాన్ల మధ్య అరలో ఉండేది, ఒకటి కొత్తగా వచ్చింది. కుపోలా దానికన్నా అరలోని దాంట్లోనే చుక్కలు ఎక్కువ, ఎందుకంటే అది కేంద్రంలో అన్నిటికన్నా పాతది. కొత్త దాంట్లో నాలుగైదు. చుక్కల సంఖ్య కిటికీని బట్టి కాదు, వయసును బట్టి.

సెన్సర్‌లోని సిలికాన్ అమరికను ఒక కణం చెదరగొడితే ఆ పిక్సెల్ చాలావరకు అలాగే వెలుగుతూ ఉండిపోతుంది. అందుకే అక్కడి కెమెరాలను ఎప్పటికప్పుడు మారుస్తుంటారు. కణజాలం అలా కాదు, తెగిన డీఎన్ఏని చాలావరకు అతికించుకుంటుంది. అతుకు తప్పుగా పడ్డవాటితోనే మాకు చిక్కు. ఈ పోలిక ఆమెకు ధైర్యం ఇచ్చిందో, కొత్త టెన్షన్ తెచ్చిందో చెప్పలేను. "అంటే కెమెరా నాకన్నా నిజాయితీగా చూపిస్తుందన్నమాట" అన్నారు.

మెరుపులు కొత్త సంగతి కాదు. 1969లో అపోలో 11 నుంచి వచ్చాక బజ్ ఆల్డ్రిన్ చెప్పాడు, తర్వాతి యాత్రల వాళ్లూ చూశారు. కాస్మిక్ కణం రెటీనా గుండా దూసుకుపోయినప్పుడు మెదడు దాన్ని వెలుగుగా చదువుతుంది. అపోలో 16, 17 యాత్రల్లో తలకు హెల్మెట్ లాంటి పరికరం పెట్టి మరీ పరీక్షించారు. అమెరికా పాత అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో ఉన్నవాళ్లకు ఎస్ఏఏ దాటేటప్పుడు మెరుపులు ఎక్కువయ్యాయి. ఆమె పది రాత్రులు టైమ్‌లు రాసిచ్చారు. సగం దాకా ఎస్ఏఏతోనో, కక్ష్య ధ్రువాల వైపు ఎక్కే చోట్లతోనో కలిశాయి. మిగతావి కలవలేదు. సగం నిద్రలో రాసిన టైమ్‌లకు నేను పెద్ద విలువ ఇవ్వను.

మెరుపు వల్ల కన్ను పాడవుతుందనడానికి ఆధారం లేదు. కంటి కటకం సంగతి వేరు. నాసా వ్యోమగాముల మీద 2001లో వచ్చిన అధ్యయనంలో, కటకానికి 8 మిల్లీసీవర్ట్‌లు దాటి తగిలినవాళ్లలో కేటరాక్ట్ (శుక్లం) ఎక్కువగా, ముందుగా వచ్చినట్టు తేలింది. ఆరు నెలలు ఉన్నవాళ్లందరూ ఆ గీతను ఎప్పుడో దాటేసి ఉంటారు. అందుకే దిగాక ఏటా కటకం పరీక్ష తప్పనిసరి చేయమని ఫైల్లో రాశాను. ఆమె పట్టించుకోవాలా అని అడిగింది మెరుపుల గురించి. పట్టించుకోవాల్సింది దాని పక్కనున్నది.

అరోరా విషయంలో మాత్రం గట్టిగా చెప్పాం

కిటికీకి ఒక్క మినహాయింపు పెట్టాం. ఆమె జాబితాలో అరోరా, అంటే ధ్రువాల వైపు ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, ఉంది. ఆకుపచ్చ తెర మీదుగా కేంద్రం జారిపోతుంటే తీసిన వీడియోలు అందరూ చూసే ఉంటారు. అవి కనిపించేది కక్ష్య ఉత్తర, దక్షిణ కొసల్లో, అదీ సూర్యుడు అలజడిగా ఉన్న రోజుల్లో. చిక్కేమిటంటే, సూర్యుడి నుంచి ప్రోటాన్ల వాన పడితే అది కేంద్రానికి తగిలేది కూడా ఆ కొసల్లోనే. మధ్యలో అయస్కాంత క్షేత్రం కాస్తుంది, కొసల్లో పలచబడుతుంది. అయస్కాంత తుఫాను కూడా తోడైతే ఆ రక్షణ ఇంకా కుంచించుకుపోతుంది. అందరూ కిటికీకి అతుక్కుపోయే గంట, మేం లోపలికి రమ్మని పిలిచే గంట ఒకటే అయ్యే అవకాశం ఉంది.

అరోరా ఉన్న ప్రతిసారీ ప్రోటాన్లు ఉండవు. రెండూ వేరు. కాబట్టి మేం చూసేది అరోరా సూచికను కాదు, 100 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు దాటిన ప్రోటాన్ల సంఖ్యను. అంతకన్నా తక్కువ శక్తి గలవి గోడల్లోనే చాలావరకు ఆగిపోతాయి. అది హద్దు దాటితే, కొసలకు చేరే నిమిషాల్లో మందపాటి చోటుకు వెళ్లాలి, మిగతా చుట్టులో పని చేసుకోవచ్చు.

హెచ్చరికకు ఎంత టైమ్ ఉంటుందన్నది నాకెప్పుడూ గుండె దడ. 2005 జనవరి 20న సూర్యుడి మీద పేలుడు జరిగిన పావుగంటలోపే శక్తివంతమైన ప్రోటాన్లు భూమికి చేరాయి. అప్పుడు కేంద్రంలో ఇద్దరే ఉన్నారు. అంతకుముందు 2003 అక్టోబర్ తుఫానుల్లో సిబ్బంది జ్వెజ్దా వెనక భాగంలోకి వెళ్లి తలదాచుకున్నారు. అన్నిటికన్నా నన్ను వెంటాడేది 1972 ఆగస్టు. ఏప్రిల్‌లో అపోలో 16 వెళ్లొచ్చింది, డిసెంబర్‌లో అపోలో 17 వెళ్లింది, మధ్యలో ఆగస్టు 4న ఆ కాలానికే అతి పెద్ద ప్రోటాన్ వాన కురిసింది. అప్పుడు ఎవరైనా చంద్రుడి మీద స్పేస్‌సూట్‌లో నడుస్తూ ఉంటే జబ్బుపడేవాళ్లే. ఎవరూ లేకపోవడం మా తెలివి కాదు, క్యాలెండర్ దయ.

ఆమె యాత్రలో అలాంటిదేమీ రాలేదు. అరోరా మూడుసార్లు తీశారు.

"నాకు క్యాన్సర్ వస్తుందా?"

ఈ ప్రశ్న మెసేజ్‌లో లేదు, కాల్‌లో అడిగారు. ఇలాంటప్పుడు అంకె చెప్పి తప్పుకోవడం తేలిక. ఈ యాత్ర పూర్తయ్యేసరికి ఆమెకు 110 మిల్లీసీవర్ట్‌ల దాకా అవుతుంది, మొదటి యాత్రతో కలిపి 200 దాటుతుంది. నేల మీద రేడియేషన్ రంగంలో పనిచేసేవాళ్ల లెక్కలకు వాడే గుణకం సీవర్ట్‌కు దాదాపు 4 శాతం. దాని ప్రకారం 200కి 0.8 శాతం అదనపు ముప్పు. రేడియేషన్ ఊసే లేని మామూలు జనంలోనే ఐదుగురిలో ఒకరి దాకా క్యాన్సర్‌తో పోతున్నారు. దాని మీద ఇది ఒక శాతం లోపు.

ఇక్కడితో ఆపితే అబద్ధం చెప్పినట్టే. ఆ గుణకం ఎక్కువగా హిరోషిమా, నాగసాకి బాధితుల నుంచి వచ్చింది. వాళ్లకు తగిలింది ప్రధానంగా గామా కిరణాలు, ఒక్కసారిగా. ఈమెకు తగిలేది బరువైన కణాలు కూడా కలిసిన మిశ్రమం, నెలల తరబడి, కొంచెం కొంచెంగా. ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లడానికి మేం వాడే సవరణల్లో అనిశ్చితి చాలా ఉంది. అసలు అంకె దీనికి రెండు మూడు రెట్లు కావచ్చు, తక్కువా కావచ్చు. ఇదంతా ఆమెకు ఇలాగే చెప్పాను. ఫ్లైట్ సర్జన్ మధ్యలో దగ్గారు. ఆమె మాత్రం, "ఇన్నేళ్లలో ఇలా చెప్పింది మీరొక్కరే" అన్నారు. పొగడ్తో, ఫిర్యాదో తెలియలేదు.

ఆమెకు ఇంకో లెక్క కూడా ముఖ్యం. నాసా పాత నియమం డోస్‌కి కాకుండా ముప్పుకు హద్దు పెట్టేది: క్యాన్సర్‌తో చనిపోయే అదనపు అవకాశం 3 శాతం దాటకూడదు, అదీ 95 శాతం నమ్మకంతో. ఆ మోడల్ ప్రకారం అదే వయసు మగవాడి కన్నా ఆడవాళ్లకు అనుమతించే రోజులు తక్కువ వచ్చేవి. 2022లో దాన్ని మార్చి ఆడ, మగ, వయసు తేడా లేకుండా జీవితకాలానికి 600 మిల్లీసీవర్ట్‌లు అని పెట్టారు. యూరప్, రష్యా సంస్థల హద్దు 1,000. పాత నియమంలో మూడో యాత్ర ఆమెకు అనుమానమే. ఇప్పుడు చోటుంది. ఇది న్యాయమా, ముప్పును కప్పిపుచ్చడమా అని మా కాఫీ టేబుల్ దగ్గర ఇప్పటికీ వాదన నడుస్తుంది. నా మటుకు నేను న్యాయమనే అంటాను, ముప్పును దాచకుండా చెప్పినంతకాలం.

మార్స్ గురించి కూడా అడిగారు, ఎవరైనా అడుగుతారు. క్యూరియాసిటీ రోవర్ 2011, 2012ల్లో వెళుతూ దారిలో కొలిచింది రోజుకు 1.8 మిల్లీసీవర్ట్‌లు, కేంద్రం కన్నా దాదాపు మూడు రెట్లు. రానూపోనూ ప్రయాణానికే 600 మించుతుంది. "అయితే కిటికీయే నయం" అన్నారు.

దిగాక

బ్యాడ్జి చదివితే మొత్తం మా అంచనాకు కొద్ది శాతం తేడాలో వచ్చింది. రక్తపరీక్ష కూడా చేశారు. యాత్రకు ముందు తీసిన ఆమె రక్తానికే ల్యాబ్‌లో తెలిసిన మోతాదుల్లో గామా కిరణాలు పట్టించి, ఎంత డోస్‌కి ఎన్ని క్రోమోజోములు తెగి తప్పుగా అతుక్కుంటాయో ఆమె సొంత కొలబద్ద తయారుచేసి ఉంచుతారు. దిగాక తీసిన రక్తంలో తప్పు అతుకులు లెక్కపెట్టి ఆ కొలబద్ద మీద చూస్తారు. వచ్చిన డోస్ బ్యాడ్జితో కలిసింది, కాకపోతే ఈ పద్ధతిలో అటూ ఇటూ తేడా ఎక్కువ. ఒంట్లో జరిగినదాన్ని ఒంటినే అడిగే పరీక్ష కాబట్టి నాకిది బ్యాడ్జి కన్నా ఇష్టం.

కేసు మూసేటప్పుడు మా పద్ధతుల్లో రెండు మార్పులు చేశాం. కెమెరా గడియారాన్ని వారానికోసారి కేంద్రం గడియారంతో సరిచూడడం ఒకటి. రెండోది, సిబ్బంది రోజూ నింపే ఫారంలో ఒక గడి చేర్చాం: నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు? మొదటి వారంలోనే ఒకరు "సీలింగ్ మీద" అని రాశారు. ఏ మాడ్యూల్ సీలింగో రాయమని తిప్పి పంపాం.